వేటజాతి కుక్కకు కొత్త ఇల్లు వెతకడం ఎలా? బెజవాడ, గుంటూరు వాళ్ల కోసం

పటమటలో మూడో అంతస్తు ఫ్లాటులో ముధోల్ హౌండు, బ్రాడీపేటలో రెండు గదుల పోర్షనులో బీగిల్, గొల్లపూడి విల్లాలో పాయింటర్. పిల్లగా ఉన్నన్నాళ్లూ ఇంటిల్లిపాదికీ ముద్దే. ఏడాది నిండేసరికి సోఫాలోంచి దూది బయటికొస్తుంది, పక్కింటి పిల్లి మళ్లీ కనబడదు, కింది ఫ్లాటు వాళ్లు అసోసియేషన్ గ్రూపులో మెసేజీలు మొదలుపెడతారు. ఆ దశలో చుట్టాలు, స్నేహితులు అందరూ ఇచ్చే సలహా ఒకటే: "ఎవరికైనా తోటలోకి ఇచ్చేయండి, హాయిగా తిరుగుద్ది."

మన దగ్గర తోటలకేం కొదవ లేదు. కృష్ణ ఒడ్డు పొడవునా అరటి, నున్న వైపు మామిడి, దుగ్గిరాల వైపు పసుపు. కానీ తోటకిచ్చిన వేట కుక్క చాలాసార్లు మోటారు షెడ్డు పక్కన గొలుసుకే బతుకుతుంది. వదిలితే కోళ్ల మీద పడుతుంది కాబట్టి కడతారు, కట్టాక విప్పే తీరిక ఎవరికీ ఉండదు. అలాంటి కుక్కకి నాలుగెకరాల కన్నా, రోజూ తెల్లవారుజామున దాని బెల్టు పట్టుకుని బయల్దేరే ఒక మనిషి అవసరం. ఆ మనిషిని ఎలా పట్టుకోవాలో చూద్దాం.

1. ముందు, ఇవ్వడం తప్పదా అన్నది తేల్చుకోండి

ఒత్తిడి అసోసియేషన్ నుంచే అయితే కాస్త ఆగండి. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్టుమెంటు సంఘం తీర్మానం చేసి పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదు. ఆ కాగితం ప్రింటు తీసి సెక్రటరీ చేతిలో పెడితే చాలా గొడవలు అక్కడే సర్దుకుంటాయి. అద్దె ఇల్లు, ఓనరుతో ఒప్పందం అన్నది వేరే వ్యవహారం, అక్కడ మాట్లాడుకోవడమే దారి.

అల్లరే కారణమైతే రెండు వారాలు ఒక ప్రయత్నం చేయండి. పొద్దున ఆరు లోపు ముప్పావు గంట గట్టి నడక, రాత్రి ఏడు దాటాక ఇంకోసారి. మధ్యలో ముక్కుకి పని: ఉడికించిన చికెన్ ముక్కలు చిన్నవి ఓ పది ఇంట్లో అక్కడక్కడా దాచి వెతకమనండి. బీగిల్ లాంటి వాసన కుక్కకి పావుగంట ఈ వెతుకులాట మెదడుని బాగా అలిసిపోయేలా చేస్తుంది. ఉన్నట్టుండి గుర్రుమంటోందంటే డాక్టరుకి చూపించండి. చెవిలో చీము, కీళ్ల నొప్పి, పిడుదుల జ్వరం ఇవన్నీ బయటికి కోపంలాగే కనిపిస్తాయి. మన వైపు పిడుదులు ఎక్కువ కాబట్టి రక్తపరీక్ష తప్పకుండా చేయించండి.

ఇవన్నీ చేశాక కూడా కుదరకపోవచ్చు. లేదా విదేశానికి వెళ్లిపోతున్నారు, ఇంట్లో పెద్దవాళ్లకి బాగోలేదు, పసిపిల్ల ఊయల దగ్గర కుక్క చూపు మీకు నచ్చడం లేదు. అప్పుడు ఇవ్వడమే మంచిది. నలుగురూ ఏమనుకుంటారోనని రెండేళ్లు మేడ మీద గదిలో పెట్టి తాళం వేసే కన్నా అది నయం.

2. మీ కుక్క ఎలాంటి వేటదో తెలుసుకుని రాసి పెట్టుకోండి

వేట కుక్కలన్నీ ఒకే తీరు కాదు. ముధోల్, చిప్పిపారై, కన్ని లాంటివి కంటితో వేటాడతాయి. దూరాన ఏదైనా కదిలితే చాలు, బాణంలా వెళ్లిపోతాయి, పిలుపు చెవికెక్కదు. ఆ పరుగు అయ్యాక గంటల తరబడి పడుకుంటాయి కాబట్టి, సరిగ్గా తిప్పేవాళ్లుంటే ఇవి ఫ్లాటులో కూడా పద్ధతిగా ఉంటాయి. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు గానీ నిజం. బీగిల్, డాక్షండ్ ముక్కుతో వెళతాయి. వాసన పట్టిన బీగిల్ ఊళ పెడుతుంది, గోడ కింద తవ్వి బయటపడుతుంది. పాయింటర్, లాబ్రడార్, స్పానియల్ వేటగాడితో కలిసి పనిచేసే జాతులు. వీటికి మనిషి తోడు కావాలి, రోజంతా ఒంటరిగా వదిలితే పిచ్చెక్కిపోతాయి. రాజపాళయం పూర్వం అడవిపందుల వేటకి వాడిన జాతి. ఇంటివాళ్లతో ఎంత నెమ్మదో కొత్తవాళ్లతో అంత బిగుసు. తెల్లటి వాటిలో పుట్టుచెవుడు కనిపిస్తుంది, అందుకే వెనకనుంచి తాళంచెవులు గలగలలాడించి చెవులు కదులుతాయో లేదో చూడండి.

ఇక మన కొల్లేరు జోనంగి. బాతుల మందల్ని తోలిన కుక్క, నేలలో గొయ్యి తవ్వుకుని అందులో పడుకునే అలవాటున్న కుక్క. కొల్లేటి చుట్టూ చేపల చెరువులు పెరిగి బాతుల మేపు తగ్గాక దానికి పని పోయింది, పట్నం ఇళ్లలోకి వస్తోంది. మీది జోనంగి అయితే మట్టి నేల ఉన్న ఇల్లు చూడండి. టైల్సు మీద గీకి గీకి గోళ్లు అరగదీసుకుంటుంది.

జాతి లక్షణం తెలిసింది కదా అని అక్కడ ఆగకండి, మీ కుక్కని చూడండి. బెల్టు గట్టిగా పట్టుకుని కోళ్లున్న ఇంటి ముందు నుంచి ఓసారి నడిపించండి. కోడిని చూసి మొరిగి, గెంతి, మీరు పిలవగానే తిరిగి చూస్తే అది కుతూహలం. అలాకాకుండా ఒక్కసారిగా నోరు మూసుకుని, మెడ ముందుకి చాచి, ముందుకాలు ఒకటి గాలిలో ఆపేసి, తోక కర్రలా బిగించి, చికెన్ ముక్క మూతి దగ్గర పెట్టినా వాసన చూడకుండా నిలబడిందంటే, ఆ ఇంట్లో కోడి ఉంటే బతకదు. మేకపిల్ల, పిల్లి, స్కూటరు, పరిగెత్తే పిల్లలు, ఒక్కొక్కటీ ఇలాగే గమనించి రాసుకోండి.

కరిచిన చరిత్ర ఉంటే అదీ రాయాలి. ఎవరిని, ఏ పరిస్థితిలో, చర్మం తెగిందా లేదా. దాచిపెట్టి ఇస్తే రేపు ఆ ఇంట్లో ఓ పిల్లాడి ముఖం మీద పడుతుంది. తెలిసి దాచినవాళ్లని నేనైతే క్షమించను. పిల్లలున్న ఇంటికి మాత్రం, ఎంత బతిమాలినా, కరిచిన కుక్కని ఇవ్వకండి.

3. డాక్టరు పని, కాగితాల పని

ఇది త్వరగా అయిపోయేదే. రేబీస్ టీకా, మిగతా వ్యాధుల టీకా తేదీలు ఉన్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. గడువు దాటితే వేయించండి. నులిపురుగుల మందు, పిడుదుల మందు అయిపోవాలి. మైక్రోచిప్ ఉంటే ఆ 15 అంకెల నంబరు, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉంటే అదీ తీసి ఉంచండి, పేరు మార్పిడి చేయించుకోవాలి. కార్పొరేషన్ లైసెన్సు తీసుకుని ఉంటే ఆ కాగితం కూడా.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ మాత్రం మీ చేతి మీదుగానే చేయించి ఇవ్వండి. "వాళ్లు చేయిస్తామన్నారు" అన్నది గాలి మాట. ఆపరేషన్ అయితే వేట బుద్ధి పోతుందనుకునేవాళ్లున్నారు, అది పోదు. కానీ పిల్లల వ్యాపారం కోసం వచ్చేవాళ్లు మాత్రం మొదటి ఫోన్‌లోనే తప్పుకుంటారు. విజయవాడ, గుంటూరుల్లో ప్రైవేటు క్లినిక్కులున్నాయి. పెద్ద సమస్యలుంటే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ముధోల్, చిప్పిపారై లాంటి బక్కపల్చటి కుక్కకి ఒంట్లో కొవ్వు తక్కువ, కొన్ని మత్తుమందుల నుంచి ఆలస్యంగా తేరుకుంటుంది. ఆపరేషన్‌కి ముందు జాతి పేరు డాక్టరుకి గుర్తుచేయండి.

4. ప్రకటనలో ఆకర్షణ తగ్గించి రాయండి

"బ్యూటిఫుల్ ముధోల్, ఫ్రీ, అర్జెంట్" అని పెడితే గంటలో నలభై మంది ఫోన్ చేస్తారు. అందులో ముప్పై తొమ్మిది మందితో మీకు పనిలేదు. ఫ్రీ, అర్జెంట్ అనే రెండు మాటలూ తీసేయండి. ఇలా రాయొచ్చు:

"పేరు చిన్నా. ముధోల్ మగది, మూడో ఏడు నడుస్తోంది. టీకాలు, ఆపరేషన్ అయ్యాయి. పొద్దున గంట, రాత్రి ముప్పావు గంట నడిస్తే ఇంట్లో దాని మానాన అది పడుకుంటుంది. నడవకపోతే ఐదడుగుల గోడ దూకుతుంది. పిల్లులు, కోళ్లు ఉన్న ఇంటికి ఇవ్వం. ఆరేళ్లలోపు పిల్లలతో అలవాటు లేదు. కొత్తవాళ్లు చెయ్యి వేయబోతే పక్కకి తప్పుకుంటుంది, ఇంతవరకు ఎవర్నీ కరవలేదు. గొలుసుకి కట్టేవాళ్లకి, తోట కాపలాకి, క్రాసింగ్‌కి, వేటకి ఇవ్వం. మీ ఇల్లు చూశాకే ఇస్తాం."

ఇది చదివి కూడా ఫోన్ చేసినవాడితో మాట్లాడవచ్చు.

ఫోటోలు పగటి వెలుతురులో, కుక్క నిలబడి ఉన్నది ఒకటి, ఇంట్లో పడుకుని ఉన్నది ఒకటి చాలు. ఇంటి నంబరు, వీధి పేరు కనబడకుండా చూసుకోండి. జాతి కుక్కల్ని గేటు ముందు నుంచే ఎత్తుకుపోతున్న రోజులివి.

ప్రకటన ఎక్కడ పెట్టాలి? మొదట మీకు కుక్కపిల్లనిచ్చినవాళ్లనే అడగండి. బాధ్యత ఉన్నవాళ్లయితే వెనక్కి తీసుకుంటారు, లేదా ఆ జాతి ఎరిగిన ఇల్లు చెబుతారు. తర్వాత మీ పశువైద్యుడు. ఎవరి ముసలి కుక్క ఈమధ్య పోయిందో, ఎవరు దాన్ని చివరిదాకా బాగా చూసుకున్నారో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ తర్వాత నేను వెళ్లమనేది విజయవాడలో ఇందిరాగాంధీ స్టేడియానికి, గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియానికి, అదీ పొద్దున్నే. ఏ కాలమైనా ఆ వేళకి లేచి నడిచేవాళ్లు, పరిగెత్తేవాళ్లు అక్కడే దొరుకుతారు. వాళ్ల దినచర్యలో కుక్కకి కావలసింది అప్పటికే ఉంది. కొత్తగా అలవాటు చేసుకుంటామని మాటిచ్చేవాళ్ల కన్నా వీళ్లు ఎంతో నయం.

5. ఫోన్‌లో ఏం అడగాలి

ప్రశ్నలు సూటిగా వేయకండి. "రోజూ తిప్పుతారా?" అంటే తిప్పుతామనే అంటారు. "నిన్న పొద్దున ఎన్నింటికి లేచారండీ?" అని మాటల్లో పెట్టండి. ఇంటికి వచ్చేదెన్నింటికి, సెలవులకి ఊరెళితే ఇల్లు ఎవరు చూసుకుంటారు, ఇంతకు ముందున్న కుక్క ఏమైంది. చివరి ప్రశ్నకి జవాబు జాగ్రత్తగా వినండి. "పోయిందండీ" అంటే జబ్బు చేసి పోయిందా, బండి కింద పడిందా, గేటు తీసి ఉంటే వెళ్లిపోయిందా?

తోటవాళ్ల ఫోన్ దాదాపు ఇలా నడుస్తుంది:

"మాకు నున్న దగ్గర నాలుగెకరాల మామిడి తోట ఉందండి. ఫ్రీగా తిరుగుద్ది."

"తోటలో ఎవరుంటారండీ?"

"పాలేరు ఉంటాడు. మేం ఆదివారాలు వెళతాం."

"కోళ్లేమైనా ఉన్నాయా?"

"ఓ ఇరవై దాకా ఉంటాయండి. అందుకే పగలు కట్టేస్తాం లెండి."

"మరి రాత్రిళ్లు?"

"రాత్రి కాపలాకి వదిలేస్తాం. దొంగల భయం కదండీ."

ఆయన అబద్ధమేం చెప్పలేదు, మనిషి చెడ్డవాడూ కాదు. ఆయనకి కావలసింది కాపలా కుక్క. మీ దగ్గరున్నది పగలు మనుషుల మధ్య మసలి, రాత్రి మంచం పక్కన పడుకునే వేట కుక్క. పగలంతా గొలుసు, రాత్రంతా ఒంటరిగా పొలం గట్లు, ఎక్కడో కుందేలు వాసన తగిలిందంటే తెల్లారేసరికి పక్క ఊరు. "మీ అవసరానికి ఇది పనికిరాదండీ, కాపలాకైతే మంచి నాటు కుక్కపిల్లని తెచ్చుకోండి" అని మర్యాదగా చెప్పి పెట్టేయండి.

తోట వద్దే వద్దని కాదు. యజమాని తోటలోనే కాపురముండి, ఇంటి చుట్టూ కంచె వేసి, కుక్కని తనతో పాటు తిప్పుకునేవాడైతే అంతకన్నా మంచి ఇల్లు ఉండదు. అలాగే అజిత్‌సింగ్ నగర్‌లో రెండు గదుల పోర్షనులో ఉంటూ రోజూ పొద్దున పరుగుకెళ్లే కుర్రాడున్నా చిన్నచూపు చూడకండి.

వెంటనే పెట్టేయాల్సిన ఫోన్లు రెండున్నాయి. "మగదా, ఆడదా? క్రాసింగ్ అయిందా?" అని మొదలుపెట్టేవాళ్లవి. "పందిని పడుతుందా?", "ఉడుముని లేపుతుందా?" అని అడిగేవాళ్లవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని, కుందేలుని, ఉడుముని వేటాడడం నేరం. పంది కోరకి చీరుకుపోయిన కుక్కని తెచ్చి ఎవరూ కుట్లు వేయించరు, అక్కడే వదిలేసి వస్తారు.

6. ఇల్లు చూడకుండా ఇవ్వొద్దు

వీడియో కాల్ చాలదు. మీరే వెళ్లండి, మొదటిసారి కుక్కని తీసుకెళ్లకుండా. టీ ఇస్తారు, తాగండి, మాట్లాడుతూ చుట్టూ చూడండి.

గోడ ఆరడుగులైనా ఉందా? గోడ పక్కన ఇటుకల కుప్ప, నీళ్ల ట్యాంకు, బండి ఉంటే ఆ ఆరడుగులూ మూడే అవుతాయి. గేటు కింద సందు ఎంత? బీగిల్‌కి తల దూరితే ఒళ్లంతా దూరినట్టే. సంపు మూత వేసి ఉందా? మేడ మీద పిట్టగోడ ఎత్తెంత? పావురాన్ని చూసి వేట కుక్క పిట్టగోడ మీంచి దూకేయగలదు, అవతల నేల లేదన్న సంగతి దానికి పట్టదు. ఇల్లు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ గట్టు మీదైతే బెల్టు లేకుండా గుమ్మం దాటించకూడదు. సిమెంటు వాలున్న చోట పడిన కుక్క తనంతట పైకి ఎక్కలేదు.

తోటల్లో ఇంకా చూడాలి. ఎలుకల మందు, పొలంలో చల్లే గుళికలు ఎక్కడ పెడతారు? పక్క చేలల్లో పందుల కోసం ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టే అలవాటుందా? కరెంటు తీగ పెట్టడం నేరమే, అయినా పెడుతున్నారు, మనుషులే పోతున్నారు. చెట్ల మొదళ్లు చూడండి. ఓ వేపచెట్టు చుట్టూ నేల గుండ్రంగా, గడ్డిపోచ లేకుండా నున్నగా అరిగి, బెరడు మీద గొలుసు ఒరిసిన గాడి ఉందనుకోండి, ఇంతకు ముందున్న కుక్క ఎలా బతికిందో ఎవర్నీ అడగనక్కర్లేదు.

చుట్టుపక్కల పందెం కోళ్లు పెంచేవాళ్లున్నారేమో కనుక్కోండి. సంక్రాంతి ముందు ఒక్కో కోడి వేలల్లో పలుకుతుంది. మీ కుక్క దాన్ని నోట కరుచుకొచ్చిన రోజు ఆ వీధిలో జరిగే పంచాయితీలో కుక్క పక్షాన ఎవరూ ఉండరు.

ఇంట్లో అందరితో మాట్లాడండి. ముఖ్యంగా వంటింట్లో ఉన్న ఆవిడతో. తెచ్చేది కొడుకైనా తిండి పెట్టేదీ, ఊడ్చుకునేదీ చాలా ఇళ్లలో ఆవిడే. "మావాడి సరదా అండీ, నాకసలు కుక్కలంటే భయం" అని ఆవిడ నవ్వుతూ అన్నా అది జవాబే, లేచి వచ్చేయండి. మాంసం వండని ఇల్లయితే తిండి సంగతి ముందే తేల్చుకోవాలి. పెరుగన్నం మీదే ఉంచితే పరిగెత్తే కుక్కకి కండ నిలవదు. గుడ్లు, ప్యాకెట్ ఫుడ్ పెట్టడానికి ఒప్పుకుంటే సరే.

7. పరిచయం బయట, ట్రయల్ ఇంట్లో

మొదటి పరిచయం ఎవరి ఇంట్లోనూ వద్దు. ఖాళీ రోడ్డు మీద, పొద్దున్నే, పక్కపక్కన ఓ అరగంట నడవండి. కాసేపయ్యాక బెల్టు వాళ్ల చేతికిచ్చి మీరు వెనక్కి తగ్గండి. కుక్క లాగినప్పుడు ఆ మనిషి ఏం చేస్తాడో చూడండి. ఆగి నిలబడ్డాడా, అదిలించాడా, ఫటీమని కొట్టాడా? ఈ ఒక్క నిమిషంలో తెలిసేది గంట మాటల్లో తెలియదు. ఆ ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దాన్నీ ఈ నడకకే తెమ్మనండి.

నచ్చితే రెండు వారాలు ట్రయల్‌కి ఇవ్వండి. ఈ రెండు వారాలూ బాధ్యత మీదేనని, నచ్చకపోతే మారుమాట లేకుండా వెనక్కి తీసుకుంటారని చెప్పండి. మొహమాటపడి ఉంచేసుకున్న కుక్క ఆర్నెల్లకి వీధిలో తేలుతుంది.

8. అప్పగించే రోజు

రోహిణి కార్తెలో వద్దు. రోళ్లు పగిలే ఎండల్లో కొత్త చోటు, కొత్త నీళ్లు, ఆ బెంగలో అది తిండి మానేస్తే తట్టుకోదు. దీపావళి వారంలో అస్సలు వద్దు, బాణసంచాకి బెదిరి పారిపోతే ఇల్లు ఏ దిక్కో కూడా దానికి తెలియదు. సంక్రాంతి సంగతి పైన చెప్పిందే.

బెల్టు విషయంలో ఓ ముఖ్యమైన మాట. ముధోల్, చిప్పిపారై తల మెడకన్నా సన్నం. భయపడిందంటే నాలుగు కాళ్లూ నేలకి తన్నిపెట్టి, తల కిందికి వంచి, చెవులు వెనక్కి నొక్కి ఒక్క గుంజు గుంజుతుంది. మామూలు కాలరు చెవుల మీదుగా జారి మీ చేతిలో ఉంటుంది, కుక్క రోడ్డవతల ఉంటుంది. లాగితే తగుమాత్రంగా బిగుసుకునే మార్టింగేల్ కాలరు కొనండి, దానికి తోడు ఛాతీకి వేసే హార్నెస్. మొదటి నెల రెండూ ఉండాలని కొత్తవాళ్లకి చెప్పడమే కాదు, వేసి చూపించండి.

ఇచ్చేటప్పుడు అది పడుకునే పాత దుప్పటి ఉతక్కుండా ఇవ్వండి. వారానికి సరిపడా అలవాటైన తిండి, గిన్నె, టీకాల పుస్తకం, మీరు రాసిన వివరాల కాగితం జత చేయండి. ఏ మాటలకి ఏం చేస్తుందో అదీ రాయండి. మీరు "దా" అని పిలిచినదాన్ని వాళ్లు "కమ్" అంటే పాపం అదేం చేస్తుంది?

దూరం ఊరైతే కారులో, రాత్రి ప్రయాణం మేలు. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టకండి, నీళ్లు మాత్రం ఇవ్వండి. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరనే ఉంటేనే కుక్కని వెంట తీసుకెళ్లనిస్తారు, పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. లేదంటే బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్సు, ఎండాకాలం పగటిపూట ఆ ఇనుప పెట్టెలో పంపవద్దు.

ఒప్పంద పత్రం రాసుకోండి. పెద్ద భాష అక్కర్లేదు, తెలుగులో అర పేజీ చాలు: ఇచ్చిన తేదీ, ఇద్దరి పేర్లు, సంతకాలు, గొలుసుకి కట్టి ఉంచబోమని, వేటకి, క్రాసింగ్‌కి వాడబోమని, పెంచలేకపోతే మూడో మనిషికి ఇవ్వకుండా మీకే తిరిగి ఇస్తామని. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద పెంపుడు జంతువుని దిక్కులేకుండా వదిలేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తిప్పకపోవడం రెండూ నేరాలే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలని చదివితే నవ్వొస్తుంది గానీ, ఆ వాక్యం కాగితం మీద ఉంటే సంతకం పెట్టేవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. డబ్బు తీసుకోవాలా అంటే, నా మటుకు ఆపరేషన్, టీకాల ఖర్చులో సగం అడగడం న్యాయం. అది కూడా ఇవ్వలేనంటే రేపు డాక్టరు ఫీజు ఎలా కడతాడు?

9. మొదటి వారాలు, ఆ తర్వాత

మొదటి మూడు రోజులు తినకపోవచ్చు, మంచం కింద దాక్కోవచ్చు, గేటు దగ్గర కూర్చుని ఏడవొచ్చు. ఇవి వాళ్లకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే రెండో రాత్రే ఫోన్ వస్తుంది. స్నానాలు, చుట్టాల పరామర్శలు, డాబా మీద ఫోటోలు ఆ వారం వద్దు. రోజూ అదే వేళకి నడక, అదే వేళకి తిండి. నెల దాటేదాకా బెల్టు విప్పి ఎక్కడా వదలకూడదు, మూసిన కాంపౌండులో తప్ప. వేసవిలో రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఆరేడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవని చెప్పండి. వగరుస్తూ, నోట చిక్కటి చొంగ కారుతూ తూలుతుంటే నీడకి చేర్చి మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను గాలి తగిలిస్తూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మీరు మాత్రం కనీసం నెల రోజులు వెళ్లకండి. మీ కోసం ఎదురుచూడడం మానితేనే అది అక్కడ కుదురుకుంటుంది. ఫోన్ చేయండి: మర్నాడు, వారానికి, నెలకి, మూడో నెలకి. "బాగుందా?" అని కాకుండా "పొద్దున ఎటువైపు తీసుకెళుతున్నారు?" అని అడగండి. దారి పేర్లు చెబుతూ, ఫలానా మలుపులో ఫలానా కుక్కతో దీనికి పడదని చెప్పుకొచ్చారంటే నిజంగా తిప్పుతున్నట్టే. మూడో నెల దాటాక మెడలో బిళ్ల మీద మీ నంబరు తీయించి వాళ్లది వేయించండి, చిప్ వివరాలు కూడా మార్పించండి.

ఎప్పుడైనా "మా వల్ల కావట్లేదండీ" అని ఫోన్ వస్తే ఎందుకని నిలదీయకండి, కోప్పడకండి. కోప్పడతారని భయపడే చాలామంది మీకు చెప్పకుండా ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఆ రోజే వెళ్లి తెచ్చుకోండి. ఆ ఇంట్లో అది ఏ వేళకి ఏం చేసిందో, దేన్ని చూసి ఎగబడిందో, ఎవరితో బాగుందో అంతా అడిగి, రెండో అంచెలో రాసిన కాగితంలో చేర్చి, మళ్లీ ప్రకటన పెట్టండి.